ఎర్ర అక్షరాలు పోయాక మొదలైన పని: డెబియన్ రిపాజిటరీలతో నా అనుభవం

"అక్కా, అప్‌డేట్ అయిపోయింది. ఇప్పుడు ఎర్రర్లేమీ రావట్లేదు" అంటూ తమ్ముడు లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు.

నిజమే, తెర మీద ఒక్క ఎర్ర అక్షరం కూడా లేదు. ప్యాకేజీలన్నీ, అంటే సిస్టమ్‌లోని ప్రోగ్రాములన్నీ, తాజాగా ఉన్నాయని చివరి లైన్ చెబుతోంది. నాకు అక్కడే అనుమానం వచ్చింది. ఆ లాప్‌టాప్‌ని నేను 2021 చివర్లో పక్కన పెట్టేశాను. అందులో ఉన్నది డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, దాని 10వ విడుదల, పేరు బస్టర్. అప్పటి నుంచి అల్మారాలోనే ఉంది. ఇన్నేళ్లుగా నెట్ మొహం చూడని సిస్టమ్‌లో కొత్తగా దించుకోవడానికి ఒక్క ప్యాకేజీ కూడా లేకపోవడమేమిటి?

"ముందు ఎర్రర్లు వచ్చాయా?"

"బోలెడు. 404 అని, రిలీజ్ ఫైల్ లేదని. ఎర్రర్ వచ్చిన లైన్ల ముందు హ్యాష్ పెట్టేయమని ఒక వీడియోలో చెప్పారు. పెట్టాను, పోయాయి."

రిపాజిటరీల, అంటే ప్యాకేజీలు దొరికే సర్వర్ల, అడ్రస్‌లు రాసి ఉండే ఫైల్ తెరిచి చూశాను. /ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్. అందులో ఉన్న ప్రతి లైన్ ముందూ హ్యాష్ గుర్తు (#) ఉంది. అది ఉన్న లైన్‌ని సిస్టమ్ చదవదు. అంటే ఆ సిస్టమ్‌కి బయటి ప్రపంచంలో ప్యాకేజీలు ఎక్కడ దొరుకుతాయో చెప్పేవాళ్లే లేరు. తన దగ్గరున్నదాన్ని పోల్చుకోవడానికి ఎదురుగా ఏ జాబితా లేదు కాబట్టి అన్నీ తాజాగానే ఉన్నాయనుకుంటోంది. తమ్ముడి తప్పు కాదిది. ఎర్రర్ పోవడమే పని పూర్తవడం అని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ స్థితిలో అతను ఆ లాప్‌టాప్‌తో ఏడాది పాటు చదువుకునేవాడు, నెట్‌లో తిరిగేవాడు, ఒక్క సెక్యూరిటీ సవరణ కూడా అందేది కాదు, ఆ సంగతి అతనికి చెప్పే మెసేజ్ ఒక్కటీ వచ్చేది కాదు. అది తలుచుకుంటే నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. అందుకే మొత్తం పని ఇద్దరం కలిసి, మొదటి నుంచీ చేశాం. మూడు సాయంత్రాలు పట్టింది.

మొదట రెండు విషయాలు చూసుకున్నాను. ఒకటి, ఇది 64 బిట్ సిస్టమేనా అని. ప్యాకేజీలను సిస్టమ్‌లో అమర్చే డీపీకేజీ అనే ప్రోగ్రామ్‌ని అడిగితే ఏఎండీ64, అంటే 64 బిట్టేనని చెప్పింది, బతికాం. ఎందుకంటే మేం చేరుకోవాల్సింది 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13 ట్రిక్సీ. అందులో పాత 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ గానీ, సిస్టమ్‌కి మూలమైన కెర్నల్ గానీ ఇవ్వట్లేదు. రెండోది, ముఖ్యమైన ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేశాను. ఇక్కడ చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, చేయాల్సిందే.

ఆ తరువాత సోర్సెస్.లిస్ట్‌కి కూడా ఒక కాపీ తీసి, పేరు చివర .బాక్ అని పెట్టాను. ఇది చిన్న సంగతే గానీ తెలిసి ఉంటే మంచిది. పక్కనే సోర్సెస్.లిస్ట్.డీ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో పేరు చివర .లిస్ట్ లేదా .సోర్సెస్ ఉన్న ఫైళ్లనే ఆప్ట్, అంటే ప్యాకేజీలు తెచ్చిపెట్టే ప్రోగ్రామ్, చదువుతుంది. .బాక్ అని ఉంటే మాట్లాడకుండా వదిలేస్తుంది. .ఓల్డ్ అని పెడితే మాత్రం ఈ ఫైల్ పేరు సరిగా లేదు, పట్టించుకోవట్లేదు అని ప్రతిసారీ ఒక నోటీసు ఇస్తూ ఉంటుంది. అనవసరమైన మెసేజ్‌లు ఎంత ఎక్కువైతే, అవసరమైనవి అంత సులువుగా కంట పడకుండా పోతాయి.

ఇప్పుడు హ్యాష్‌లు ఒక్కొక్కటే తీస్తూ, ఒక్కో లైన్ తమ్ముడి చేత పైకి చదివించాను. లైన్‌లో ఉండేవి నాలుగే ముక్కలు. మొదట డెబ్ అనే మాట, అంటే వాడుకకు సిద్ధంగా ఉన్న ప్యాకేజీలు కావాలని. తరువాత సర్వర్ అడ్రస్. తరువాత విడుదల పేరు, మా ఫైల్‌లో అది బస్టర్. చివర విభాగాలు: మెయిన్, కాంట్రిబ్, నాన్-ఫ్రీ. ఎవరైనా వాడి, మార్చి, పంచుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మెయిన్‌లో ఉంటుంది. తాను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే అయినా నడవడానికి బయటిదాని మీద ఆధారపడేది కాంట్రిబ్‌లో, స్వేచ్ఛా లైసెన్సు లేనిది నాన్-ఫ్రీలో.

మొట్టమొదటి లైన్ సీడీరామ్ అని మొదలవుతోంది. అప్పట్లో డీవీడీ నుంచి ఇన్‌స్టాల్ చేసినప్పుడు చేరింది. ఆ డిస్క్ ఇప్పుడు లేదు, దానితో పని కూడా లేదు. దాని హ్యాష్ అలాగే ఉంచాం. మొత్తం ఫైల్‌లో హ్యాష్ ఉండాల్సిన లైన్ అదొక్కటే.

మిగిలిన వాటికి హ్యాష్ తీసి, ప్యాకేజీల జాబితాలు తెచ్చే సుడో ఆప్ట్ అప్‌డేట్ కమాండ్ కొట్టగానే ఎర్ర అక్షరాలన్నీ తిరిగి వచ్చేశాయి. తమ్ముడి మొహం వాడిపోయింది. నాకు మాత్రం ప్రాణం లేచి వచ్చినట్టయింది. సిస్టమ్ మళ్లీ నిజం చెబుతోంది.

404, అంటే అడిగినది ఇక్కడ లేదన్న జవాబు, ఎందుకు వస్తోందంటే, బస్టర్ అక్కడ లేదు. 2019 జూలైలో విడుదలైన బస్టర్‌కి దీర్ఘకాల మద్దతు కూడా 2024 జూన్ 30తో ముగిసింది. అలా కాలం తీరిన విడుదలలను మామూలు సర్వర్ల నుంచి తీసేసి ఆర్కైవ్.డెబియన్.ఆర్గ్‌లో పెడతారు. ప్యాకేజీలు ఎక్కడికీ పోలేదు, ఇల్లు మారాయి. మన ఫైల్ ఇంకా పాత ఇంటి తలుపే తడుతోంది. నేను అప్పట్లో వేగంగా ఉంటుందని ఒక మిర్రర్ (అసలు సర్వర్‌కి నకలు) అడ్రస్ పెట్టుకున్నాను. మిర్రర్లు పాత విడుదలలను దాచుకోవు కాబట్టి అక్కడ అసలే దొరకవు.

"బస్టర్ ఎలాగూ పాతదే కదక్కా. నేరుగా ట్రిక్సీ అని రాసేస్తే పోలా?" అన్నాడు.

పోదు. డెబియన్‌లో ఒక్కో మెట్టే ఎక్కాలి. బస్టర్ నుంచి బుల్స్‌ఐ, అక్కడి నుంచి బుక్‌వార్మ్, అక్కడి నుంచి ట్రిక్సీ. మధ్యలో ఒకదాన్ని దాటేసి దూకడానికి మద్దతు లేదు. అంతకన్నా ముందు, ఉన్న విడుదలలో ఆఖరి రూపానికి రావాలి. బస్టర్‌కి అది 10.13, 2022 సెప్టెంబరులో వచ్చింది. మా లాప్‌టాప్ దాని కన్నా వెనకబడి ఉంది. పై మెట్టు రిపాజిటరీల డిజిటల్ సంతకాన్ని సరిచూసి నమ్మడానికి కావలసిన కొత్త కీలు కూడా ఇలాంటి అప్‌డేట్లలోనే, డెబియన్-ఆర్కైవ్-కీరింగ్ అనే ప్యాకేజీ ద్వారా వస్తాయి. కాబట్టి ముందు పాత ఇంటి కొత్త అడ్రస్ పట్టుకోవాలి.

మెయిన్ లైన్‌లో మిర్రర్ అడ్రస్ తీసేసి ఆర్కైవ్.డెబియన్.ఆర్గ్/డెబియన్ అని రాశాం. సెక్యూరిటీ లైన్‌లో ఆర్కైవ్.డెబియన్.ఆర్గ్/డెబియన్-సెక్యూరిటీ. మళ్లీ అప్‌డేట్ కొట్టాం. ఈసారి జాబితాలు దిగడం మొదలైంది. ఒక లైన్ దగ్గర మాత్రం ఈ రిలీజ్ ఫైల్, అంటే రిపాజిటరీ జాబితాల వివరాలుండే ఫైల్, గడువు దాటిపోయిందని కొత్త ఎర్రర్ వచ్చింది.

ఈ గడువు సంగతి నాకు చాలా నచ్చిన ఏర్పాటు. కొన్ని రిపాజిటరీల జాబితాలో ఈ తేదీ వరకే చెల్లుతుందని రాసి ఉంటుంది. మధ్యలో ఎవరైనా దుర్మార్గంగా ఎప్పటిదో పాత జాబితాను మనకు పదే పదే చూపిస్తూ, కొత్త సెక్యూరిటీ సవరణలు మన దాకా రాకుండా ఆపకూడదని. పాత జాబితా మీద ఉన్న సంతకం అసలైనదే కాబట్టి సంతకం ఒక్కటే చూస్తే మోసం తెలియదు. తేదీ చూస్తే తెలుస్తుంది. ఆర్కైవ్‌లో ఉన్నది ఇక ఎప్పటికీ మారదు కాబట్టి అక్కడ గడువు దాటడం సహజం. అందుకని ఆ ఒక్క లైన్‌లోనే, డెబ్ అనే మాట పక్కన చదరపు బ్రాకెట్లలో చెక్-వ్యాలిడ్-అంటిల్=నో అని చేర్చాం. మొత్తం సిస్టమ్‌కి కలిపి ఈ తనిఖీ ఆపేసే సెట్టింగ్ కూడా ఉంది గానీ దాన్ని నేను ముట్టుకోలేదు. అలా ఒకచోట ఆపి మరిచిపోతే, రేపు ట్రిక్సీకి వెళ్లాక కూడా ఆ కాపలా ఉండదు.

ఇక్కడే తమ్ముడు ఇంకో మాట అన్నాడు. "ఇదే బ్రాకెట్లలో ట్రస్టెడ్=యెస్ అని పెడితే ఏ గొడవా ఉండదట కదక్కా?"

అలాంటి సలహా నాకూ చాలాచోట్ల కనబడింది. చూసినప్పుడల్లా బాధేస్తుంది. దీని గురించి అతనికి కాస్త తీరిగ్గానే చెప్పాను. రిపాజిటరీలో ఇన్‌రిలీజ్ అనే ఫైల్ ఉంటుంది. దాని మీద డెబియన్ వాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ ఫైల్ లోపల ప్యాకేజీల జాబితాలకు షా256 లెక్కలు, అంటే ఫైల్‌లో ఉన్నదాని నుంచి లెక్కగట్టిన గుర్తింపు అంకెలు, ఉంటాయి. ఆ జాబితాల లోపల ఒక్కొక్క .డెబ్ ఫైల్‌కీ అలాంటి లెక్కే ఉంటుంది. దించుకున్న ఫైల్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చినా లెక్క కుదరదు, ఆప్ట్ తీసుకోదు. గొలుసులో ఒక కొస సంతకం, రెండో కొస మన డిస్క్‌లోకి వచ్చే ప్రోగ్రామ్. అందుకే మధ్య దారిలో ఎన్ని మిర్రర్లున్నా, మామూలు హెచ్‌టీటీపీ అయినా, ప్యాకేజీని ఎవరూ మార్చలేరు. ట్రస్టెడ్=యెస్ అని రాస్తే ఆ మొదటి కొసను మన చేతులతో మనమే తెంపినట్టు. ఆప్ట్ రూట్ అధికారంతో, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారంతో, పనిచేస్తుంది. దాని దగ్గర అడ్డూ ఆపూ లేకుండా వచ్చే ఫైల్ సిస్టమ్‌లో ఏమైనా చేయగలదు.

కాసేపు ఆలోచించి, "అంటే గడువు తనిఖీ ఆపడం వేరు, సంతకం తనిఖీ ఆపడం వేరు" అన్నాడు. అంతే. ఆ తేడా తెలిస్తే చాలు.

ఆ సాయంత్రం 10.13కి వచ్చేసి ఆపాం.

రెండో రోజు బుల్స్‌ఐ. అప్‌గ్రేడ్ మొదలుపెట్టే ముందు స్క్రిప్ట్ అనే కమాండ్ నడిపాను. టెర్మినల్‌లో జరిగేదంతా ఒక ఫైల్‌లో రాసిపెడుతుంది. మధ్యలో ఏదైనా ఆగిపోతే ఎక్కడ ఆగిందో వెతుక్కోవచ్చు. ఒక ఎడిటర్ కోసం నేను ఎప్పుడో చేర్చుకున్న బయటి రిపాజిటరీని కూడా పక్కన పెట్టాను. మెట్లు ఎక్కేటప్పుడు డెబియన్ సొంత ప్యాకేజీలు మాత్రమే ఉంటే చిక్కులు తగ్గుతాయి.

తరువాత ఫైల్‌లో బస్టర్ అన్నచోటల్లా బుల్స్‌ఐ అని, వెతికి మార్చే సెడ్ అనే కమాండ్‌తో ఒక్క దెబ్బకు మార్చేశాను. అడ్రస్‌లు కూడా ఆర్కైవ్ నుంచి తిరిగి మామూలు సర్వర్లకు, అంటే డెబ్.డెబియన్.ఆర్గ్‌కీ సెక్యూరిటీ.డెబియన్.ఆర్గ్‌కీ మార్చాను. గడువు తనిఖీ ఆపిన ముక్క తీసేశాను. అప్‌డేట్ కొట్టాను. మెయిన్ లైన్ చక్కగా వచ్చింది. సెక్యూరిటీ లైన్ మీద మళ్లీ ఎర్రగా అదే ఫిర్యాదు: ఈ రిపాజిటరీకి రిలీజ్ ఫైల్ లేదు.

తమ్ముడు నా వైపు చూశాడు. నెట్ పోయిందా, సర్వర్ ఆగిందా అని రెండు మూడుసార్లు మళ్లీ కొట్టి చూశాను. అదే ఎర్రర్. అప్పుడు రెండు లైన్లు ఒకదాని కింద ఒకటి పెట్టి అక్షరం అక్షరం చదివాను.

బస్టర్‌లో సెక్యూరిటీ విడుదల పేరు బస్టర్/అప్‌డేట్స్ అని ఉండేది, మధ్యలో ఏటవాలు గీతతో. సెడ్ దాన్ని యథాతథంగా బుల్స్‌ఐ/అప్‌డేట్స్ చేసింది. కానీ 2021లో వచ్చిన బుల్స్‌ఐ నుంచి ఆ పేరు పెట్టే పద్ధతే మారింది. ఇప్పుడు అది బుల్స్‌ఐ-సెక్యూరిటీ. పాత పద్ధతిలో బస్టర్-అప్‌డేట్స్ అని హైఫన్‌తో ఒకటి, బస్టర్/అప్‌డేట్స్ అని గీతతో ఒకటి, రెండూ ఒకే ఫైల్‌లో పక్కపక్కనే ఉండేవి. మొదటిది 10.13 లాంటి పాయింట్ విడుదలల మధ్య వచ్చే అత్యవసర మార్పులకు, రెండోది సెక్యూరిటీకి. ఒకదాన్ని చూసి ఇంకోటనుకోవడం చాలా తేలిక. కొత్త పేరులో సెక్యూరిటీ అన్న మాట కళ్లెదుటే ఉంటుంది. ఎంతో మేలైన మార్పు. కాకపోతే కళ్లు మూసుకుని వెతికి-మార్చేసే వాళ్లకు ఇది సరిగ్గా ఈ మలుపులో అడ్డు తగులుతుంది.

ఇక్కడ ఎర్రర్ వచ్చిన లైన్ ముందు హ్యాష్ పెట్టేసి ఉంటే ఏమయ్యేది? అప్‌డేట్ హాయిగా నడిచేది. బుల్స్‌ఐకి అప్‌గ్రేడ్ కూడా అయిపోయేది. బ్రౌజర్, ఆఫీస్, అన్నీ పనిచేసేవి. సెక్యూరిటీ సవరణలు మాత్రం ఏ రోజుకారోజు వచ్చేవి కావు. ఫైల్ మొత్తంలో మనిషికి అన్నిటికన్నా ఎక్కువగా అవసరమైన లైన్ అది. లేకపోయినా ఏమీ ఆగిపోని లైన్ కూడా అదే.

అందుకే లైన్ సరిచేశాక కూడా నాకు తృప్తి కలగలేదు. ఆప్ట్ పాలసీ అనే కమాండ్ ఉంది. ప్యాకేజీ పేరేమీ ఇవ్వకుండా నడిపితే, ఇప్పుడు సిస్టమ్ ఏయే రిపాజిటరీలను నమ్ముతోందో మొత్తం చూపిస్తుంది. ప్రతిదానికీ ఎదురుగా ఒక ప్రాధాన్యం అంకె, మామూలుగా 500. కింద విడుదల వివరాలు. అందులో డెబియన్-సెక్యూరిటీ అన్న లేబుల్, బుల్స్‌ఐ-సెక్యూరిటీ అన్న పేరు రెండూ కనబడే దాకా నేను ముందుకు కదల్లేదు. ఎర్రర్ రాలేదన్నది ఒక సంగతి, కావలసింది అక్కడ ఉందన్నది ఇంకో సంగతి. రెండోదాన్ని చూపించే కమాండ్ ఇదే. దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పకపోవడం నాకు ఆశ్చర్యం.

అప్‌గ్రేడ్ మామూలే. మొదట కొత్త ప్యాకేజీలేవీ తేకుండా ఉన్నవాటినే పైకి తెచ్చే అప్‌గ్రేడ్, తరువాత ఫుల్-అప్‌గ్రేడ్, రీబూట్. కాన్ఫిగరేషన్ ఫైళ్ల గురించి అడిగినప్పుడల్లా తేడా చూసి జవాబిచ్చాం. గంటన్నర పట్టింది.

అదే రాత్రి బుక్‌వార్మ్ కూడా. ఈసారి సెక్యూరిటీ పేరు కొత్త పద్ధతిలోనే ఉంది కాబట్టి సెడ్ సరిగ్గానే మార్చింది. ఒక్క ఎర్రర్ కూడా లేదు. అప్‌గ్రేడ్ పూర్తయింది, రీబూట్ అయింది, వైఫై పట్టుకుంది. పడుకుందామనుకుంటూ చివరిసారి అప్‌డేట్ కొడితే, కింద ఎన్ అక్షరంతో మొదలయ్యే ఒక నోటీసు కనబడింది. ఎర్రర్ కాదు, హెచ్చరిక కూడా కాదు, ఊరికే సమాచారం లాగా ఉంది. నాన్-ఫ్రీ విభాగం ఇప్పుడు నాన్-ఫ్రీ, నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అని రెండయిందని దాని సారాంశం.

దీని వెనక సంగతి ఏమిటంటే, వైఫై చిప్‌ల లాంటి వాటికి కావలసిన ఫర్మ్‌వేర్, అంటే ఆ చిప్‌ల లోపల నడిచే సాఫ్ట్‌వేర్, చాలావరకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. దాన్ని ఎలా అందించాలన్న దాని మీద డెబియన్ సభ్యులు 2022లో ఓటు వేశారు. ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌తో పాటే ఇవ్వవచ్చని తేలింది. 2023 జూన్‌లో వచ్చిన బుక్‌వార్మ్ నుంచి అలాంటి ఫర్మ్‌వేర్ చాలావరకు సొంత విభాగంలోకి మారింది. నాలాంటి పాతవాళ్ల ఫైల్‌లో మెయిన్, కాంట్రిబ్, నాన్-ఫ్రీ అని మూడే ఉంటాయి, నాలుగోది తనంత తాను వచ్చి చేరదు.

తమ్ముడికి చూపించడానికి ఆప్ట్ పాలసీకి ఈసారి ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై అన్న పేరు ఇచ్చాను. మా లాప్‌టాప్ వైఫై దాని మీదే నడుస్తుంది. ఇన్‌స్టాల్ అయి ఉన్న వెర్షన్ చూపించింది. అది ఎక్కడి నుంచి దొరుకుతుందో చెప్పే చోట రిపాజిటరీ అడ్రస్ లేదు. /వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్ అన్న ఒక్క లైన్, దాని ముందు 100 అంకె. అంటే ఇది నీ డిస్క్‌లో ఉంది, ఇక బయట ఎక్కడా నాకు కనబడట్లేదు అని. వైఫై పనిచేస్తూనే ఉంది. కానీ ఆ ఫర్మ్‌వేర్ ఉన్నచోటే ఆగిపోయింది.

"మళ్లీ అదేనా! ఎర్రర్ లేదు, అప్‌డేటూ లేదు" అన్నాడు తమ్ముడు. ఈసారి పట్టుకున్నది అతనే. లైన్ల చివర నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అని అతని చేతే చేర్పించాను. మళ్లీ పాలసీ చూస్తే డిస్క్ లైన్ పైన 500 అంకెతో డెబ్.డెబియన్.ఆర్గ్ అడ్రస్ వచ్చి నిలబడింది. ఆ రెండు తెరలూ ఫొటో తీసి పెట్టుకున్నాను.

మూడో రోజు ట్రిక్సీ. ఈ మెట్టు ఎంత నున్నగా సాగిందంటే రాయడానికేమీ లేదు. ఫైల్‌లో బుక్‌వార్మ్ తీసి ట్రిక్సీ అని రాశాం, పాలసీలో అన్నీ ఉన్నాయని చూసుకున్నాం, రెండు దశల అప్‌గ్రేడ్, రీబూట్.

ఆ తరువాతి పని మాత్రం నాకు ఇష్టమైనది. ట్రిక్సీలో వచ్చే ఆప్ట్ 3.0లో మోడర్నైజ్-సోర్సెస్ అనే కమాండ్ ఉంది. పాత ఒక్క లైన్ పద్ధతిలో ఉన్న రిపాజిటరీలను డెబ్822 అనే కొత్త పద్ధతిలోకి మారుస్తుంది. మార్చే ముందు అడుగుతుంది, పాత ఫైళ్లను .బాక్ పేరుతో దాచిపెడుతుంది. కొత్త ఫైల్‌ని నేను చేత్తో ఇంకాస్త సర్దాను. ఇప్పుడు రెండే పేరాలు. మొదటి పేరాలో టైప్స్ అని ఒక లైన్, ఎదురుగా డెబ్. యూఆర్ఐస్ ఎదురుగా అడ్రస్. సూట్స్ ఎదురుగా ట్రిక్సీ, ట్రిక్సీ-అప్‌డేట్స్ రెండూ పక్కపక్కనే. కాంపోనెంట్స్ ఎదురుగా నాలుగు విభాగాలు. సైన్డ్-బై ఎదురుగా డెబియన్ కీ ఉన్న ఫైల్ పేరు. రెండో పేరా అచ్చంగా సెక్యూరిటీకే.

ఒక్కో విషయం ఒక్కో లైన్‌లో, దాని పేరుతో సహా ఉంటుంది. పాత పద్ధతిలో నాలుగో మాట ఏమిటో గుర్తుంచుకోవాలి. ఇక్కడ చదివితే చాలు. ఏదైనా రిపాజిటరీని కొన్నాళ్లు ఆపాలంటే హ్యాష్‌లు అక్కర్లేదు. ఎనేబుల్డ్ ఎదురుగా నో అని రాస్తే సరి. కావాలనే ఆపానన్న సంగతి ఆరు నెలల తరువాత చూసినా తెలుస్తుంది.

సూట్స్ దగ్గర తమ్ముడు ఒక మంచి ప్రశ్న అడిగాడు. ట్రిక్సీ అని కాకుండా స్టేబుల్ అని, అంటే ప్రస్తుత విడుదల అని, రాస్తే ప్రతిసారీ మార్చుకునే పని ఉండదు కదా అని. రాయవచ్చు, పనిచేస్తుంది. కానీ తరువాతి విడుదల వచ్చిన రోజున స్టేబుల్ అన్న మాటకు అర్థం మారిపోతుంది. ఆ రోజు మామూలు అప్‌డేట్ అనుకుని మొదలుపెట్టినది మొత్తం విడుదల మార్పు అయి కూర్చుంటుంది. అది పరీక్షకు ముందు రోజు కావచ్చు. ఎప్పుడు మెట్టెక్కాలో మనం నిర్ణయించుకోవాలి. నా సిస్టమ్‌లన్నిటిలో నేను విడుదల పేరే రాస్తాను.

చివరగా మిగిలింది ఆ ఎడిటర్ రిపాజిటరీ. దాన్ని తిరిగి చేర్చగానే దీని సంతకం కీ నా దగ్గర లేదన్నది ఆప్ట్. ఈ మధ్య కాలంలో వాళ్లు కీ మార్చారు. నేను మొదట చేర్చినప్పుడు ఆప్ట్-కీ అనే కమాండ్‌తో ఒక్క లైన్‌లో పని అయిపోయింది. ట్రిక్సీలో ఆ కమాండ్ లేదు. తీసేయడానికి బలమైన కారణమే ఉంది. ఆప్ట్-కీతో చేర్చిన కీని సిస్టమ్ అన్ని రిపాజిటరీలకూ నమ్మేది. అంటే ఒక ఎడిటర్ తయారుచేసేవాళ్ల కీతో సంతకం చేసిన జాబితా, డెబియన్ సొంత రిపాజిటరీ స్థానంలో వచ్చినా ఆప్ట్ ఒప్పేసుకునేది. ఒక గదికి ఇచ్చిన తాళంచెవితో ఇల్లంతా తెరుచుకున్నట్టు.

ఇప్పుడు చేసిన పద్ధతి ఇది. వాళ్ల సైట్ నుంచి కొత్త కీ ఫైల్ దించాను. దాని వేలిముద్ర, అదే ఫింగర్‌ప్రింట్, జీపీజీ అనే కమాండ్‌తో చూసి, వాళ్లు ప్రకటించినదానితో పోల్చాను. తమ్ముడు ఒక తెర మీద నాలుగేసి అక్షరాలు చదువుతుంటే, నేను ఇంకో తెర మీద సరిచూశాను. నలభై అక్షరాలూ కలిశాయి. ఆ ఫైల్‌ని /ఈటీసీ/ఆప్ట్/కీరింగ్స్ ఫోల్డర్‌లో పెట్టి, ఆ రిపాజిటరీ పేరాలో సైన్డ్-బై ఎదురుగా దాని దారి రాశాను. ఇక ఆ కీ ఆ ఒక్క రిపాజిటరీకే చెల్లుతుంది. పాత ఫైళ్లలో మిగిలిపోయిన కీలను కూడా వెతికి తీసేశాను.

అన్నీ అయ్యాక ఆప్ట్ లిస్ట్‌కి ?అబ్సొలీట్ అని ఇచ్చి చూశాం. సిస్టమ్‌లో ఉండి, ఏ రిపాజిటరీలోనూ లేని ప్యాకేజీలన్నీ బయటపడతాయి. బస్టర్ కాలం నాటి లైబ్రరీలు ఎన్నో అలాగే ఉండిపోయాయి. ఇక వాటికి సవరణలు రావు. ఒక్కొక్కటీ చూసి, అక్కర్లేదని తేల్చుకుని తీసేశాం. ఇది విసుగు పుట్టించే పనే, కానీ తొందరపడి అన్నీ ఒకేసారి తీసేయకూడదు. మనం చేత్తో ఇన్‌స్టాల్ చేసుకున్న మంచి ప్రోగ్రామ్ కూడా ఆ జాబితాలోనే ఉండవచ్చు. మాకు ఒకటి కనబడింది, దాన్ని ఉంచేశాం.

లాప్‌టాప్ తీసుకువెళ్లేటప్పుడు తమ్ముడికి ఒక్క పని అప్పజెప్పాను. వారానికోసారి అప్‌డేట్ కొట్టు, కొట్టినప్పుడు ఏమీ రాలేదని ఊరుకోకుండా జాబితాలు ఎక్కడెక్కడి నుంచి దిగుతున్నాయో పై లైన్లు కూడా చదువు అని.

పది రోజుల తరువాత ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. టెర్మినల్ తెర. పైన మూడో లైన్‌లో ట్రిక్సీ-సెక్యూరిటీ అన్న మాట చుట్టూ వేలితో గీసిన ఎర్రటి సున్నా. కింద అప్‌గ్రేడ్ కావలసిన ప్యాకేజీల వరస, అందులో బ్రౌజర్ కూడా ఉంది. ఫొటో కింద ఒక్క వాక్యం: "ఇవన్నీ ఈ లైన్ నుంచే వచ్చాయక్కా, పాలసీలో చూశాను."